మ్యూజియం రోడ్డులో మ్యూజియం ఎందుకు లేదు?



బెంగళూరుకు కొత్తగా వచ్చిన మన సభ్యులు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఎం.జి. రోడ్డు దగ్గర తిరుగుతుంటే ‘మ్యూజియం రోడ్డు’ అని బోర్డు కనిపిస్తుంది. పిల్లలు చూసి ముచ్చటపడతారు. ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిస్తే ఆఫీసులు, హోటళ్ళు, దుకాణాలు కనిపిస్తాయి. మ్యూజియం మాత్రం కనిపించదు. ప్రభుత్వ మ్యూజియం ఉన్నది అక్కడ కాదు, కబ్బన్ పార్కును ఆనుకుని కస్తూర్బా రోడ్డులో. ఎర్ర రంగు గోడలు, తెల్లటి స్తంభాలతో ఉండే ఆ పాత భవనం ముందు నుంచి మనలో చాలామంది రోజూ బస్సులోనో కారులోనో వెళ్తూనే ఉంటారు. లోపలికి వెళ్ళినవాళ్ళు తక్కువ.

మన సంఘంలో చరిత్ర మీద ఆసక్తి ఉన్న కొందరం కొన్నేళ్ళుగా వీలైనప్పుడల్లా అక్కడికి వెళ్తున్నాం. ఒక్కోసారి పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నాం. వెళ్ళిన ప్రతిసారీ మాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ మ్యూజియం కథ కర్ణాటక వారిది మాత్రమే కాదు, మనది కూడా. అందులో అమరావతి ఉంది, ఏలూరు ఉంది, హేమావతి ఉంది. ఇప్పుడు మనం ఇల్లు కొనుక్కుని స్థిరపడిన బేగూరు, హెబ్బాళ కూడా ఉన్నాయి. కాస్త పెద్ద వ్యాసమే. తీరిక చేసుకుని చదవండి.

ఒక డాక్టరు, రెండు మ్యూజియంలు

బెంగళూరు మ్యూజియం 1865లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాడు ఎడ్వర్డ్ బాల్ఫోర్. ఆయన స్కాట్లండ్ వాడు, మద్రాసు సైన్యంలో సర్జన్. వృత్తి వైద్యమైనా ఆయన ఆసక్తులు చాలా విశాలం. అడవులు నరికితే వానల మీద ఏ ప్రభావం పడుతుందో 1840ల్లోనే రాశాడు. భారతదేశం మీద ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం తయారుచేశాడు. ఆడవాళ్ళు వైద్యం చదవాలని గట్టిగా వాదించినవారిలో ఆయనొకరు. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆడపిల్లలను చేర్చుకోవడం వెనక ఆయన ప్రయత్నం ఉంది.

బెంగళూరుకు ముందు ఆయన నడిపింది మద్రాసు మ్యూజియం. 1851లో అది మొదలైనప్పుడు బాధ్యత ఆయనకే అప్పగించారు. 1859 దాకా ఆయనే చూసుకున్నాడు. అమరావతి ఈ కథలోకి వచ్చేది ఇక్కడే.

అమరావతి స్తూపం సంగతి మనలో గుంటూరు, పల్నాడు వైపు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బలో చెక్కిన రాళ్ళు బయటపడ్డాయి. అవి ఏమిటో అప్పటికి అక్కడ ఎవరికీ తెలియదు. కొన్ని కట్టడాల్లోకి వెళ్ళాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి ఎన్నో ఫలకాలను మద్రాసుకు పంపాడు. అవి అక్కడ కొన్నేళ్ళు ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిశాయి. వాటిని మ్యూజియంలోకి చేర్చినవాడు బాల్ఫోర్. 1858లో వాటికి ఫోటోలు కూడా తీశారు. ఆ మరుసటి ఏడాది, 1859లో, 121 రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడు అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ సంగతి మనం రెండు వైపుల నుంచీ చూడాలి. మద్రాసుకు చేరకపోయి ఉంటే అందులో ఎన్ని సున్నపు బట్టీల పాలయ్యేవో. అదే సమయంలో, ఊరు వదిలిన రాయి ఎంత దూరం పోతుందో చెప్పే పట్టు కూడా ఊరివాళ్ళకు లేకుండా పోయింది. కృష్ణ ఒడ్డున పుట్టిన ఆ శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే ఇవాళ మన పిల్లలు చెన్నై ఎగ్మోరుకో, లండన్‌కో వెళ్ళాలి. మ్యూజియం అనే ఏర్పాటులో మొదటి నుంచీ ఈ మేలూ ఉంది, ఈ నష్టమూ ఉంది. బాల్ఫోర్ బెంగళూరుకు తెచ్చినది ఆ ఏర్పాటునే.

జైలు గదుల్లో మొదలు

1865 నాటికి మైసూరు రాజ్యం బ్రిటిషు కమిషనర్ల చేతిలో ఉంది. 1831 నుంచి 1881 దాకా సాగిన పాలన అది. అప్పటి చీఫ్ కమిషనర్ లెవిన్ బెంథామ్ బౌరింగ్. శివాజీనగర్‌లోని బౌరింగ్ ఆసుపత్రి, సెయింట్ మార్క్స్ రోడ్డులోని బౌరింగ్ ఇన్‌స్టిట్యూట్ పేర్లు మనకు తెలుసు కదా, ఆ బౌరింగే. ఆయన అండతో బాల్ఫోర్ ఇక్కడ మ్యూజియం పెట్టాడు.

కొత్త భవనం కట్టేంత తీరిక, డబ్బు అప్పుడు లేవు. కంటోన్మెంటులో పాత జైలు ఉన్న చోట సర్దుకున్నారు. ఆ వీధికి మ్యూజియం రోడ్డు అని పేరు పడింది. పన్నెండేళ్ళ తర్వాత మ్యూజియం లేచి వెళ్ళిపోయింది, పేరు అక్కడే ఉండిపోయింది. మన ఊళ్ళలో చెరువు పూడిపోయినా ‘చెరువుకట్ట వీధి’ అని పిలుస్తూనే ఉంటాం, అలాగన్నమాట.

ఆ కాలపు మ్యూజియం ఇప్పటి మన ఊహకు అందేది కాదు. పాత శిల్పాలు, శాసనాలు అందులో ఒక భాగం మాత్రమే. రాళ్ళు, ఖనిజాలు, కలప రకాలు, గింజలు, చర్మంలో గడ్డి కుక్కిన జంతువులు, గవ్వలు, చేతిపనులు, ఇలా రాజ్యంలో దొరికే ప్రతి వస్తువుకూ ఒక నమూనా ఉండాలన్నది అప్పటి ఆలోచన. ఏ నేలలో ఏమి పండుతుంది, ఏ కొండలో ఏమి దొరుకుతుంది అన్నది పాలించేవారికి తెలియాలి, వ్యాపారం చేసేవారికి తెలియాలి. అందుకే ప్రభుత్వాలు వీటికి డబ్బు ఇచ్చాయి. చరిత్ర మీద ప్రేమ తర్వాత వచ్చింది.

జనానికి మాత్రం అదో వింత. మద్రాసులో సామాన్యులు మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనే అర్థం వచ్చేలా తమిళంలో పిలిచేవారు. అన్నీ చచ్చిన జంతువులే కదా మరి! బతికున్న జంతువులుండే జూ వాళ్ళకు ‘ప్రాణమున్న కాలేజీ’. మన హైదరాబాదు వైపు అయితే ‘అజబ్ ఘర్’, అంటే వింతల ఇల్లు. పెద్ద పెద్ద పండితుల ఉపన్యాసాల కంటే ఈ పేర్లే జనం మ్యూజియాన్ని ఎలా చూశారో బాగా చెబుతాయి.

కరువు కాలంలో లేచిన భవనం

ఇప్పుడున్న కస్తూర్బా రోడ్డు భవనం 1877 నాటిది. అప్పట్లో ఆ రోడ్డు పేరు సిడ్నీ రోడ్డు. భవనం వెనక ఉన్న పేరు రిచర్డ్ శాంకీ, మైసూరు చీఫ్ ఇంజనీరు. కబ్బన్ పార్కు వేయించింది ఆయనే, హైకోర్టు ఉన్న అఠారా కచేరి ఆయన హయాంలోదే, మల్లేశ్వరం పక్కన శాంకీ చెరువు ఆయన పేరిటే ఉంది. కచేరీ, మ్యూజియం రెండూ ఒకేలా ఎర్రగా, గ్రీకు పద్ధతి స్తంభాలతో కనిపించడానికి కారణం ఇదే. ఈసారి కబ్బన్ పార్కుకు వెళ్ళినప్పుడు రెండిటినీ పోల్చి చూడండి.

ఆ సంవత్సరం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేం. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని మహా కరువు పీడించింది. రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. బళ్ళారి, కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలు ఎంత నలిగాయో అక్కడి పెద్దల నోట ఇప్పటికీ వింటాం. మైసూరు రాజ్యం కూడా అంతే నలిగింది. 1871 జనాభా లెక్కల్లో యాభై లక్షలకు కాస్త పైన ఉన్న జనం 1881 లెక్కలకు నలభై రెండు లక్షల కన్నా తక్కువైపోయారు. పదేళ్ళలో జనం పెరగాల్సింది పోయి ఎనిమిది లక్షలకు పైగా తగ్గారు. రాజ్యంలో దొరికే వస్తువులన్నిటికీ నమూనాలు పేర్చిపెట్టే ఇల్లు కొత్త భవనంలోకి మారిన ఏడాది, ఆ రాజ్యంలో తినడానికి గింజ లేదు. ఆ అందమైన స్తంభాల ముందు నిలబడ్డప్పుడు ఇది కూడా గుర్తుండాలని మా అభిప్రాయం.

రాళ్ళను చదివినవాళ్ళు

భవనం వచ్చింది, వస్తువులు వచ్చాయి. కానీ శాసనం ఉన్న రాయి, చదివేవాడు లేకపోతే బండరాయే. దాన్ని చదివే విద్య ఎక్కడి నుంచి వచ్చింది?

ఇందులో మొదటి వరసలో నిలిచే పేరు మన ఏలూరు కుర్రవాడిది. కావలి వెంకట బొర్రయ్య. 1799లో టిప్పు సుల్తాను పతనం తర్వాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పని మెకంజీకి అప్పగించారు. ఆయన వెంట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి ఉన్నారు. మెకంజీకి ఇక్కడి భాషలు రావు. ఊరూరా తిరిగి కరణాలతో, పూజారులతో మాట్లాడి కైఫీయతులు సేకరించింది, శాసనాలు రాసుకున్నది ఈ సహాయకులే. అప్పటికి హళగన్నడ లిపి చదవగలిగేవారు దాదాపు లేరు. ఆ అక్షరాలను గుర్తుపట్టి చదివినవాడు బొర్రయ్య. పాత కన్నడ శాసనాల తలుపు ఆధునిక కాలంలో తెరిచినవారిలో ఒక తెలుగువాడు ముందున్నాడన్నమాట. పాపం, 1803లోనే చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. తర్వాత ఆ పనిని లక్ష్మయ్య ముందుకు నడిపించాడు. మన సంఘంలో ఎన్నో జయంతులు జరుపుకుంటాం. బొర్రయ్య పేరు మాత్రం ఇంతవరకు మన వేదిక మీద వినిపించలేదు.

ఆ తర్వాతి పెద్ద పేరు బెంజమిన్ లూయిస్ రైస్. 1837లో బెంగళూరులోనే పుట్టాడు. తండ్రి మిషనరీ. కన్నడం చిన్ననాటి నుంచి నోట నానిన భాష. విద్యాశాఖ ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతున్నప్పుడు శాసనాల మీద మనసు పడింది. తర్వాత మైసూరు పురావస్తు శాఖకు మొదటి అధిపతి అయ్యాడు. ఎపిగ్రాఫియా కర్ణాటికా పేరుతో పన్నెండు సంపుటాల్లో దాదాపు 9,000 శాసనాలు అచ్చు వేయించాడు. అవి జిల్లాలవారీగా వచ్చాయి. తొమ్మిదోది బెంగళూరు, పదోది కోలారు. ఆ కోలారు సంపుటంలో తెలుగు శాసనాలు కూడా ఉన్నాయి. ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి వైపు తెలుగు నిన్నా మొన్నా వచ్చింది కాదని చెప్పడానికి అవే సాక్ష్యం. ‘మీరు ఎప్పుడు వచ్చారు బెంగళూరుకు?’ అని ఎవరైనా అడిగితే మనం ఉద్యోగంలో చేరిన సంవత్సరం చెబుతాం. ఆ రాళ్ళు చెప్పే సంవత్సరం వేరు.

రైస్, ఆయన సిబ్బంది చేసిన అసలు పని ఏమిటంటే, ప్రతి శాసనానికీ ఊరి పేరు, అందులో అది ఉన్న చోటు రాసిపెట్టారు. ఏ తాలూకా, ఏ ఊరు, గుడి ముందా, పొలంలోనా, చెరువు తూము దగ్గరా అని. ఈ చిన్న వివరం ఎంత పెద్దదో తర్వాత చెబుతాం.

కాళి అనే కుక్క

మ్యూజియంలో మా పిల్లలకు బాగా నచ్చే రాయి ఆతకూరు శాసనం. మండ్య జిల్లా మద్దూరు దగ్గరి ఆతకూరు నుంచి వచ్చింది. శక సంవత్సరం 872 అని అందులోనే ఉంది. అంటే మన లెక్కలో 949-50.

ఆ రాయి మీద ఒక పెద్ద యుద్ధం సంగతి ఉంది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు తక్కోలం దగ్గర చోళ రాజాదిత్యుణ్ణి ఓడించాడు. ఆ యుద్ధంలో రాజాదిత్యుణ్ణి చంపినవాడు కృష్ణుడి బావ, గంగ రాజు బూతుగుడు. దక్షిణ భారత చరిత్రలో మలుపు అనదగ్గ యుద్ధం అది. చరిత్రకారులకు ఆ రాయి విలువైంది ఇందుకే.

కానీ ఆ రాయి పెట్టింది ఆ యుద్ధం కోసం కాదు, ఒక కుక్క కోసం. బూతుగుడి దగ్గర మణలేరుడు అనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి రాజు ఏమి కావాలో కోరుకోమన్నాడు. ఊళ్ళు అడగవచ్చు, పదవి అడగవచ్చు. అతను రాజుగారి వేటకుక్క కాళిని అడిగాడు. తర్వాత ఒక కొండ దగ్గర కాళిని పెద్ద అడవిపంది మీదికి వదిలారు. కుక్కా, పందీ రెండూ పోరాడి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. మణలేరుడు ఆతకూరులో గుడి ముందు ఆ రాయి నిలిపి, దాని పేరిట భూమి ఇచ్చాడు. ఆ భూమి అనుభవించే గుడి గొరవడు ఆ రాయికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపమంతా అతనికే చుట్టుకుంటుందని రాయించాడు. రాయి మీద కుక్క, పంది పోట్లాడుతున్న బొమ్మ కూడా ఉంది.

పిల్లలు ఆ బొమ్మ ముందు నుంచి కదలరు. ‘ఇప్పుడు దానికి పూజ ఎవరు చేస్తున్నారు?’ అని ఒక పాప అడిగింది. మాలో ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు. మ్యూజియంలో రాయికి పూజ ఉండదు. ఆతకూరు గుడి ముందు ఆ రాయి ఇక లేదు. రాయి మిగిలింది, అందులోని మాట నెరవేరే చోటు మాత్రం తప్పిపోయింది. మ్యూజియం మేలూ నష్టమూ అని మొదట్లో మేము చెప్పింది ఇదే.

బేగూరు నాగత్తరుడు, హేమావతి రాజు

మనవాళ్ళకు ఇంకా దగ్గరైన రాయి బేగూరుది. హోసూరు రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసే మన సభ్యుల్లో చాలామంది బేగూరు, కూడ్లు చుట్టుపక్కలే ఉంటున్నారు. ఆ బేగూరు పేరు వెయ్యేళ్ళ కిందట బెంపూరు.

మ్యూజియంలో ఉన్న బేగూరు వీరగల్లు మీద యుద్ధమంతా చెక్కి ఉంది. ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు, పడిపోయినవాళ్ళు. మామూలు వీరగల్లుల్లో ఒకరో ఇద్దరో కనిపిస్తారు. ఇందులో ఒక సైన్యమే కనిపిస్తుంది. శాసనం చెప్పే కథ ఇది. గంగ రాజు ఎరెయప్ప, వీరమహేంద్రుడితో పోరాడుతున్న అయ్యపదేవుడికి సాయంగా నాగత్తరుడనే నాయకుణ్ణి సైన్యంతో పంపాడు. తుంబెపాడి దగ్గర జరిగిన యుద్ధంలో నాగత్తరుడు చనిపోయాడు. అది విన్న ఎరెయప్ప అతని పదవిని ఇరుగుడికి కట్టబెట్టి, బెంపూరు పన్నెండు ఊళ్ళను ఇచ్చాడు. ఆ ఊళ్ళ పేర్లన్నీ రాయి మీదే ఉన్నాయి. రాతి మీద తేదీ లేదు కానీ, సుమారు 900 ప్రాంతం నాటిదని పండితులు లెక్కగట్టారు.

ఇందులో అయ్యపదేవుడు ఎవరు? నొళంబ రాజు. నొళంబుల రాజధాని హెంజేరు. అదే ఇప్పటి హేమావతి, శ్రీ సత్యసాయి జిల్లాలో మడకశిర వైపు, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంది. అక్కడి దొడ్డేశ్వర, సిద్ధేశ్వర ఆలయాలు చూసినవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. నొళంబ శిల్పాల్లో చక్కనివి కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఇక వీరమహేంద్రుడు ఎవరన్న దానిపై పండితుల్లో రెండు మాటలున్నాయి. వేంగి చాళుక్యుడని కొందరు, నొళంబుల్లోనే ఒకడని కొందరు. ఏది నిజమైనా, ఆ యుద్ధంలో ఇప్పటి ఆంధ్ర నేలకు చెందినవాడు ఒక వైపైనా ఉన్నాడు. హేమావతి రాజుకు సాయంగా వెళ్ళి ప్రాణం ఇచ్చినవాడు బేగూరు మనిషి.

అనంతపురం, హిందూపురం నుంచి వచ్చి బేగూరు దగ్గర ఫ్లాటు కొనుక్కున్న మిత్రుడు ఈ రాయి ముందు నిలబడి ఏమనుకోవాలో మేము చెప్పనక్కర్లేదు. రాష్ట్రాల సరిహద్దులు గీసింది 1953లో, 1956లో. ఆ రాయి వాటి కంటే వెయ్యేళ్ళు పెద్దది.

ఇంకో ముఖ్యమైన విషయం. బేగూరులోని నాగేశ్వరాలయంలో ఇంకో శాసనం ఇప్పటికీ ఉంది. అది సుమారు 890 నాటిది. ‘బెంగళూరు’ అన్న పేరు కనిపించే మొదటి రాతసాక్ష్యం అదే. బెంగళూరు కాళగంలో, అంటే బెంగళూరు యుద్ధంలో, నాగత్తరుడి ఇంటికి చెందినవారు చనిపోయారని అందులో ఉంది. ‘ఉడికిన బీన్సు ముసలమ్మ పెట్టింది కాబట్టి బెందకాళూరు’ అన్న కథ అందరూ చెబుతారు. ఆ కథలోని వీరబల్లాలుడికి ముందే ఈ పేరు రాయి మీద ఉంది.

ఒకే ఇంటి కథకు రెండు రాళ్ళు. ఒకటి మ్యూజియంలో, ఒకటి ఊరి గుడిలో. మ్యూజియంలోది ఎండా వానా తగలకుండా ఉంది, కానీ చూసేవారికి బేగూరు కనపడదు. గుడిలోది తన చోట తాను ఉంది, కానీ అలాంటి రాళ్ళకు రోజూ ఏదో ఒక గండం ఉంటుంది. రెండూ కలిపి చదివితేనే కథ నిండుతుంది. అలా కలిపి చదవగలగడానికి కారణం మ్యూజియం రాయికి ‘బేగూరు’ అన్న చిరునామా పోకుండా ఉండటమే. పైన చిన్న వివరం అన్నామే, అది ఇదే.

ఇప్పుడు మన ముందున్న సంగతి

కాపాడటానికి ఊరి నుంచి రాయిని తరలించక తప్పని సందర్భాలు ఉంటాయి. నాగార్జునసాగర్ నీళ్ళు వస్తాయని తెలిసి 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వారు. దొరికినవాటిని నీళ్ళలో మిగిలిన కొండ మీదనే మ్యూజియం కట్టి పెట్టారు. లోయ మునిగింది, రాళ్ళు మాత్రం తమ నేలకు దగ్గరగా ఉండిపోయాయి. అమరావతితో పోలిస్తే ఎంత తేడానో చూడండి.

బెంగళూరుకు డ్యాము లేదు. ఇక్కడ మునకంతా కాంక్రీటుదే. రైస్ సంపుటంలో నమోదైన శాసనాల కోసం ఇప్పుడు వెతికితే చాలా చోట్ల రాయి దొరకదు. పొలం లేఅవుట్ అయింది, చెరువు కట్ట రోడ్డు అయింది, రాయి పునాదిలోకి పోయింది. పుస్తకంలో పాఠం ఉంది, నేల మీద రాయి లేదు. మిథిక్ సొసైటీ వారు నగరంలో మిగిలిన శాసనాలను వెతికి త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరిచే పని కొన్నేళ్ళుగా చేస్తున్నారు. 1909 నుంచి ఉన్న సంస్థ అది. నృపతుంగ రోడ్డులో ఉంది.

అన్నీ చెడ్డ కబుర్లే కాదు. 2018లో హెబ్బాళలో ఇళ్ళ మధ్య ఒక వీరగల్లు బయటపడింది. చదివితే గంగ రాజు శ్రీపురుషుడి కాలం, సుమారు 750 నాటిది. యుద్ధంలో చనిపోయిన కిత్తయ్య అనే మనిషి గురించి. అందులో ‘పెర్బొళల్ నాడు’ అని ఉంది. ఆ పెర్బొళలే కాలక్రమంలో హెబ్బాళ అయింది. ఫ్లైఓవరు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని మనం తిట్టుకునే ఆ పేరుకు పన్నెండు వందల యాభై ఏళ్ళకు పైబడిన వయసుంది. ఆ రాయిని స్థానికులు, ఔత్సాహికులు కలిసి ఊళ్ళోనే నిలబెట్టుకున్నారు. ఎక్కడికీ పోలేదు. మేము కోరుకునేది ఇలాంటిదే.

అందుకని సభ్యులకు మా మనవి కొన్ని మాటల్లో.

మీ అపార్టుమెంటు దగ్గర, గుడి దగ్గర, చెరువు గట్టున, పాత చెట్టు కింద అక్షరాలున్న రాయి గానీ, కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి గానీ కనిపిస్తే దాన్ని కదపకండి. నూనె, రంగు, సున్నం పూయకండి, పూయనివ్వకండి. బ్రష్షుతో, యాసిడ్‌తో అసలే తోమకండి. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టి, మన గ్రూపులో పెట్టండి. అది అంతకుముందే నమోదైందో లేదో మేము సంపుటాల్లో వెతుకుతాం. కొత్తదైతే రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేద్దాం. అక్కడ పనులు జరుగుతుంటే కాంట్రాక్టరుతో గొడవ వద్దు, ముందు మాకు ఫోన్ చేయండి. నలుగురం కలిసి వెళ్ళి మాట్లాడితే వినేవాళ్ళే ఎక్కువ.

ఇంటి స్థలం కొనేటప్పుడు ఈసీ, ఖాతా చూసుకుంటాం. దానితో పాటు ఆ ఊరి పాత పేరు ఏమిటో, అక్కడ ఏ శాసనం దొరికిందో కూడా ఒకసారి అడగండి. ఖర్చు లేదు.

మ్యూజియానికి వెళ్ళేటప్పుడు పిల్లలకు అన్ని గదులూ ఒక్క రోజులో చూపించాలని పరుగెత్తించకండి. రెండు రాళ్ళు చాలు. ఆతకూరు కుక్క, బేగూరు యుద్ధం. ఒక్కోదాని ముందు పావుగంట నిలబడి కథ చెప్పండి. ఆ ఆదివారమో, మరుసటి ఆదివారమో బేగూరు నాగేశ్వరాలయానికి తీసుకెళ్ళి రెండో రాయి చూపించండి. వెళ్ళే ముందు మ్యూజియం తెరిచే వేళలు కనుక్కోండి.

చివరగా ఒక కోరిక. మీ సొంత ఊళ్ళో, అది రాయలసీమ కానివ్వండి, కోస్తా కానివ్వండి, తెలంగాణ కానివ్వండి, కోలారు జిల్లా కానివ్వండి, చిన్నప్పుడు ఆడుకున్న చోట ఏదైనా రాతి బొమ్మో, రాతలున్న బండో ఉండే ఉంటుంది. బట్టలు ఉతికారో, పసుపు పూసి మొక్కారో, ఎక్కి దూకారో. అది ఇప్పుడు ఎక్కడుంది, ఎలా ఉందో ఈ పండగకు ఊరెళ్ళినప్పుడు చూసి రండి. ఊరి పేరు, మండలం, చోటు రాసి కింద కామెంట్లలో పెట్టండి. అన్నీ ఒక చోట చేర్చి జాబితా తయారుచేస్తాం. బొర్రయ్య కాలినడకన ఊరూరా తిరిగి చేసిన పని ఇది. మన చేతిలో ఫోను ఉంది.